ఏకపక్ష అగ్రిమెంటు: ఏది మన నెత్తిన పడుతుంది, ఏది పడదు

తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌కు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో పెద్ద ఆర్డరు వచ్చిందంటే, దాని వెంటే ఇరవై ముప్పై పేజీల అగ్రిమెంటు కూడా పీడీఎఫ్‌లో దిగుతుంది. రేటు, చదరపు అడుగులు ఉన్న పేజీ ఒక్కటి చూసి, మిగతా పేజీల అడుగున వరసగా సంతకాలు గీకి స్కాన్ చేసి పంపేస్తారు. ఆర్నెల్ల తర్వాత బిల్లులో కోతలు మొదలయ్యాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంత అన్యాయమైన కాగితం రాసింది వాళ్లు కదా, బాధ్యత వాళ్లది కాదా?

కాదు. చాలావరకు సంతకం పెట్టిన సప్లయర్‌దే. చదవలేదు, ఇంగ్లీషు రాదు, తొందరలో పెట్టాను అన్నవి కోర్టులో నిలబడవు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం బెదిరింపు, మోసం, తప్పుడు సమాచారం, అనుచిత ఒత్తిడి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. ‘ఈ షరతు ఒప్పుకోకపోతే ఆర్డరు వేరేవాళ్లకు ఇస్తాం’ అనడం వీటిలో ఏదీ కాదు. అది బేరం. బలవంతుడు బలహీనుడి మీద రుద్దిన అన్యాయపు షరతు చెల్లదని సుప్రీంకోర్టు 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ అక్కడ నలిగినవాడు ఉద్యోగి. రెండు వైపులా వ్యాపారులే ఉండి, అది వ్యాపార లావాదేవీ అయితే ఈ సూత్రం వర్తించకపోవచ్చని అదే తీర్పులో ఉంది. సప్లయర్‌ను చట్టం ‘తెలిసిన వ్యాపారి’గానే చూస్తుంది.

అయితే కొన్ని షరతులు సంతకం పెట్టినా చెల్లవు. కాబట్టి చేయాల్సిన పని అగ్రిమెంటు మొత్తాన్నీ తిట్టుకోవడం కాదు. ప్రింటు తీసి రెండు పెన్నులతో కూర్చోండి. సంతకం పెడితే ఇక మనమే మోయాల్సిన షరతు పక్కన ఎర్ర గీత, సంతకం పెట్టినా చట్టం అడ్డుపడే షరతు పక్కన నీలం గీత. కొనేవాళ్ల పర్చేజ్ మేనేజరు మనకు ఇచ్చే సమయం అరగంటే అనుకుంటే, ఆ అరగంటంతా ఎర్ర గీతల మీదే పెట్టాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. 90 రోజుల పేమెంటు మీద గంటసేపు గొడవపడి, జరిమానాకు పరిమితి లేదన్న సంగతి గమనించకుండా సంతకం పెడతారు.

సంతకం ఎవరిది, ఆస్తి ఎవరిది

ముందు మన వైపు బాధ్యత ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి. ప్రొప్రయిటరీ యూనిట్ అయితే వ్యాపారం వేరు, యజమాని వేరు అన్నది లేదు. ఇల్లు, స్థలం, బ్యాంకు ఖాతా అన్నీ లెక్కలోకి వస్తాయి. పార్ట్‌నర్‌షిప్‌లో ఒక భాగస్తుడు వ్యాపారం కోసం సంతకం పెడితే మిగతావాళ్లంతా పూర్తి మొత్తానికీ బాధ్యులే. ‘నా వాటా పాతిక శాతమే’ అన్నది భాగస్తుల మధ్య లెక్క, బయటివాడికి అది పట్టదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే బాధ్యత కంపెనీది, డైరెక్టరుది కాదు. అందుకే పెద్ద కొనుగోలుదారులు చివరి పేజీల్లో ఎక్కడో ‘వ్యక్తిగత హామీ’ అని ఒక అనుబంధం పెడతారు. దాని మీద సంతకం పెట్టారా, కంపెనీ పెట్టుకున్నందుకు దక్కే రక్షణ ఆ ఒక్క కాగితంతో పోయినట్టే. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం.

మేనేజరో, లెక్కలు రాసే కుర్రాడో మెయిల్‌లో ‘ఓకే, కన్ఫర్మ్‌డ్’ అని పెడితే? అతనికి ఆ అధికారం ఇవ్వలేదని అంటే అనవచ్చు, కానీ ఆ తర్వాత ఒక లోడు పంపారంటే అతను చేసిన పనిని మీరు ఒప్పుకున్నట్టే. అసలు సంతకమే లేకపోయినా ఇంతే: పీఓ (కొనేవాళ్ల పర్చేజ్ ఆర్డరు) వచ్చింది, మీరు మారు మాట్లాడకుండా లారీ ఎత్తారు, పీఓలోని షరతులకు అంగీకరించినట్టు లెక్క. ‘మా వెబ్‌సైట్‌లో ఉన్న సాధారణ షరతులు వర్తిస్తాయి’ అన్న ఒక్క లైను ఉంటే అవి కూడా డౌన్‌లోడ్ చేసి చదవాల్సిందే. ఏ తేదీన ఏ వెర్షన్ ఉందో ఆ కాపీ దాచుకోండి. తర్వాత మార్చారేమో తేల్చడానికి అదే ఆధారం.

నోటరీ ముద్ర చూసి ధైర్యపడేవాళ్లున్నారు. నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నది, షరతు న్యాయమా కాదా అన్నది కాదు. ఆర్డరు తెచ్చిన బ్రోకరు ‘అదంతా ఫార్మాలిటీ అన్నా, ఎవరూ పట్టించుకోరు’ అన్నా ఆ మాటకు విలువ లేదు. రాతలో ఉన్నదానికి విరుద్ధంగా నోటిమాట చెప్పబోతే సాక్ష్య చట్టం ఒప్పుకోదు. నిజంగా ఫార్మాలిటీయే అయితే కొట్టేయమనండి.

ఎర్ర గీతలు

ఒక ఆర్డరు తీసుకుని లెక్క వేద్దాం. లెక్క సులువు కోసం 20,000 చదరపు అడుగుల బండలు, అడుగు 45 రూపాయలు. మొత్తం 9,00,000. ఖర్చులన్నీ పోను మిగిలేది 8 శాతం అనుకుంటే 72,000. ఇక ప్రతి షరతునూ ఈ 72,000 పక్కన పెట్టి చూడాలి.

రిటెన్షన్, అంటే బిల్లులోంచి పట్టి ఉంచుకునే సొమ్ము, 10 శాతం, పన్నెండు నెలల తర్వాత వాపసు. అంటే 90,000 వాళ్ల దగ్గరే ఉంటుంది. మన లాభం మొత్తం దాంట్లోనే ఉంది, పైగా 18,000 మన పెట్టుబడి. ఆ 90,000 రాకపోతే ఆర్డరు నష్టానికి చేసినట్టే. ఇక్కడ అడగాల్సింది 5 శాతానికి తగ్గించమనో, ఆరు నెలలకు కుదించమనో, లేదంటే అంతే మొత్తానికి బ్యాంక్ గ్యారంటీ తీసుకుని నగదు వదిలేయమనో. గ్యారంటీ తీసుకునేటప్పుడు బ్యాంకుకు కట్టే మార్జిను, కమిషను కూడా రేటులో వేసుకోండి.

ఆలస్యానికి వారానికి 1 శాతం జరిమానా. చూడ్డానికి చిన్నదే. ‘ఎంత మీద 1 శాతం’ అన్నదే అసలు సంగతి. ‘మొత్తం ఆర్డరు విలువ మీద’ అని ఉంటే వారానికి 9,000. ఎనిమిది వారాల్లో లాభం సున్నా. ఇంకా 4,000 అడుగులే బాకీ ఉన్నాయనుకుందాం, ‘ఆలస్యమైన సరకు విలువ మీద’ అని మార్పించుకుంటే అదే 1 శాతం వారానికి 1,800 అవుతుంది. మూడు నాలుగు మాటల తేడా, అయిదు రెట్ల డబ్బు. దాని పక్కనే ‘గరిష్ఠంగా 5 శాతం’ అని పరిమితి రాయించాలి. కరెంటు కోతలు, క్వారీ మూత, లారీల సమ్మె, కొనేవాళ్ల సైటు సిద్ధంగా లేకపోవడం వల్ల పోయిన రోజులు లెక్కలోంచి తీసేయాలని కూడా. చివరిది మరీ ముఖ్యం. సైటులో దించుకునే చోటు లేదని వాళ్లే లోడు ఆపమంటారు, ఆ రోజుల్ని మన ఆలస్యంలో కలిపేస్తారు.

రిజెక్షన్. ‘సైట్ ఇంజినీరు నిర్ణయమే తుది’, ‘రంగు ఏకరీతిగా ఉండాలి’ అన్న రెండు లైన్లు ఒకే పేజీలో ఉంటే ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దు. భూమిలోంచి తీసిన రాయికి ఒకే రంగు ఎక్కడిది? ఒకే క్వారీలో పై పొరకూ కింది పొరకూ తేడా ఉంటుంది. దీనికి మందు శాంపిల్. రంగులో వచ్చే రెండు కొసలనూ, అంటే ఎక్కువ నలుపుదీ ఎక్కువ బూడిదరంగుదీ చూపేలా రెండు జతల ముక్కలు కోసి, వెనకవైపు ఇద్దరూ సంతకం, తేదీ వేసి, ఒక జత వాళ్లకిచ్చి రెండోది యార్డులో ఉంచుకోండి. అగ్రిమెంటులో ‘సంతకం చేసిన శాంపిళ్ల మధ్య వచ్చే రంగు తేడా రిజెక్షన్‌కు కారణం కాదు’ అని రాయించండి. మందం కూడా ‘20 మిల్లీమీటర్లు’ అని ఊరుకోకుండా ‘అటూ ఇటూ 2 మిల్లీమీటర్లు’ అని ఉండాలి. దించుకున్న ఏడు రోజుల్లోపల, పరచకముందే రిజెక్ట్ చేయాలి, పరిచేసిన బండను రిజెక్ట్ చేయకూడదు అన్న లైను మరీ పట్టుబట్టి తీసుకోవాలి. సిమెంటులో దిగిన బండను మళ్లీ పెకలిస్తే అది మనకూ పనికిరాదు, వాళ్లకూ పనికిరాదు.

దారిలో విరిగినవి. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, వస్తు విక్రయ చట్టం ప్రకారం రవాణాదారుకు అప్పగించడమంటే దాదాపుగా కొనుగోలుదారుకు అప్పగించినట్టే. ‘సైటులో పగలకుండా దించేదాకా సప్లయర్‌దే బాధ్యత’ అని సంతకం పెట్టినప్పుడు మనంతట మనమే దాన్ని తిప్పేసుకుంటున్నాం. అలా ఒప్పుకోక తప్పకపోతే విరిగేవాటి ఖర్చు రేటులో వేసుకోవాలి. 3 శాతం అంటే 600 అడుగులు, 27,000 రూపాయలు, పైన మళ్లీ లారీ కిరాయి. లోడింగ్ అయ్యాక లారీ నెంబరు కనిపించేలా రెండు వైపుల ఫొటోలు, ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద డ్రైవరు సంతకంతో ‘సరకు బాగుంది’ అన్న మాట ఉంటే విరిగింది ఎక్కడో తేల్చవచ్చు.

పరిమితి లేని ఇండెమ్నిటీ, అంటే నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ. ‘సప్లయర్ వల్ల కలిగే ఎలాంటి ప్రత్యక్ష, పరోక్ష నష్టానికైనా’ అని మొదలయ్యే పేరా ఇది. మీ బండలు రెండు వారాలు ఆలస్యమై, అపార్ట్‌మెంటు అప్పగింత ఆగి, ఫ్లాట్లు కొన్నవాళ్లకు బిల్డరు పరిహారం కట్టాల్సి వస్తే ఆ లెక్క మీ దగ్గరికి రావచ్చు. 9 లక్షల ఆర్డరుకు 90 లక్షల బాధ్యత ఎత్తుకోవడం అంటే ఇదే. ఒక్క లైను చాలు: ‘సప్లయర్ మొత్తం బాధ్యత ఏ పరిస్థితిలోనూ ఈ ఆర్డరు విలువను మించదు.’ ఆర్డరు విలువలో సగానికి తేగలిగితే ఇంకా మేలు. ఒక్క మార్పే చేయించుకునే అవకాశం ఉంటే ఈ మార్పే చేయించుకోండి.

ఇక్కడ ఇంకొకటి. మన పైన ఇన్ని షరతులు రాయించుకుని, మనం క్వారీవాడి దగ్గర నోటిమాట మీద రాయి తెచ్చుకుంటాం. పైవాడు మన దగ్గర వసూలు చేస్తాడు, మనం కిందివాణ్ని అడగలేం. ఆ మధ్య ఖాళీ మొత్తం మనదే. క్వారీకి ఇచ్చే అడ్వాన్సు కాగితం మీద కనీసం మందం, తేదీ, తిరిగి తీసుకునే షరతు ఉండాలి.

సరకు మారితే ఎర్ర గీత పడే చోటు మారుతుంది. ఆదోని జిన్నింగ్ మిల్లులకు అది స్పిన్నింగ్ మిల్లు ల్యాబ్ రిపోర్టు: తేమ, చెత్త శాతం వాళ్లు తేల్చిందే తుది అని ఉంటే, లోడింగ్ రోజే తీసి సీలు వేసిన రెండో శాంపిల్‌ను మూడో ల్యాబ్‌కు పంపే హక్కు అడగాలి. రాయదుర్గం జీన్స్ కుట్టే యూనిట్లకు అది కుట్టడానికి పంపే గుడ్డలో కొరత: దింపుకునేటప్పుడు థాన్లు కొలవకుండా చలానా మీద సంతకం పెడితే, లేని మీటర్లకు కూడా డెబిట్ నోట్ (బిల్లులోంచి కోత చీటీ) మన పేరునే పడుతుంది.

ఖాళీ చెక్కు

‘సెక్యూరిటీ కోసమే’ అని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడుగుతారు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కులో అంకె ఎవరు రాసినా, అది బాకీ కోసమే ఇచ్చారన్న ఊహ చట్టంలో ఉంటుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కాదని చూపే భారం మన మీద. స్టాప్ పేమెంట్ ఇచ్చినా 138 సెక్షన్ (చెక్ బౌన్స్) కేసు తప్పదు. ఇవ్వక తప్పని పరిస్థితిలో అంకె రాసి, పేరు రాసి, క్రాస్ చేసి ఇవ్వండి. వెంట ఒక లేఖ ఉండాలి: చెక్కు నెంబరు, ఏ పీఓకు, ఏ షరతు తప్పితే ఎంత వరకు వాడుకోవచ్చు, ఏ తేదీకి తిరిగివ్వాలి. ఆ లేఖ కాపీ మీద వాళ్ల ముద్ర లేకుండా చెక్కు చేతులు మారకూడదు.

నీలం గీతలు

వీటి మీద బేరమాడే సమయం వృథా చేయనక్కర్లేదు. కానీ ఇవి పనిచేయాలంటే మన వైపు ఒక కాగితం ముందే ఉండాలి. అది ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర చేయించుకునే నమోదు. ఆర్డరు ఒప్పుకోకముందే ఉండాలి. సరకు పంపేశాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత సరఫరాలకు వెనక్కి వర్తించదని సుప్రీంకోర్టు 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో చెప్పింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న లెక్క ప్రకారం పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు మించకపోతే చిన్న పరిశ్రమే, కాబట్టి మన ప్రాంతపు యూనిట్లలో ఎక్కువ భాగం దీంట్లోకే వస్తాయి. ఒక మెలిక ఉంది: తయారైన బండలు కొని అమ్మే వ్యాపారి ఉద్యంలో చేరవచ్చు గానీ, బాకీల ఆలస్యానికి సంబంధించిన ఈ రక్షణ అతనికి రాదు. కోసి పాలిష్ పట్టేవాళ్లకు వస్తుంది. సర్టిఫికెట్‌లో మీ పని ‘తయారీ’గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి. ఉద్యం నెంబరును ఇన్వాయిస్ మీద అచ్చు వేయించండి.

ఈ కాగితం ఉంటే చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం మీ వెనక ఉంటుంది. అగ్రిమెంటులో 90 రోజులని ఉన్నా, 120 అని ఉన్నా, సరకు అంగీకరించిన నాటి నుంచి 45 రోజులు దాటకూడదు. ‘మా ఇంజినీరు సర్టిఫై చేసినప్పుడు’ అన్న సాకు కూడా ఎక్కువ దూరం సాగదు. దింపుకున్న 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దింపుకున్న రోజే అంగీకరించినట్టు లెక్క. 45 దాటితే వడ్డీ రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలకోసారి అసలులో కలుస్తుంది. బ్యాంక్ రేటు 5.5 శాతం ఉంటే 16.5 శాతం. మన ఉదాహరణలో రిటెన్షన్ పోను 8,10,000 మూడు నెలలు ఆపితే దాదాపు 33,870. ‘ఆలస్యానికి వడ్డీ ఉండదు’ అన్న షరతు మీద మీ సంతకం ఉన్నా ఈ వడ్డీ పోదు.

సరకుతో పాటు పరిచే పని కూడా ఒకే కాంట్రాక్టులో తీసుకుంటే, ఇది వర్క్స్ కాంట్రాక్టు, ఆ చట్టం వర్తించదు అని కొనేవాళ్లు వాదిస్తారు. సరకుకు ఒక పీఓ, పరిచే పనికి ఇంకో పీఓ అడగండి.

‘వివాదాలన్నీ బెంగళూరు కోర్టులోనే’ అన్న షరతు మామూలుగా చెల్లుతుంది. కానీ ఉద్యం ఉన్న సప్లయర్ బాకీ కోసం, ఆ చట్టం కింద ఇలాంటి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే, సప్లయర్ ఎక్కడుంటే అక్కడి కౌన్సిల్‌కే అధికారం, కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా సరే. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) షరతున్నా ఇది ఆగదు.

‘ఆర్బిట్రేటరును మా మేనేజింగ్ డైరెక్టరే నియమిస్తారు’ అన్న షరతు కూడా చెల్లదు. 2015 సవరణ, 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు తర్వాత ఫలితం మీద ఆసక్తి ఉన్న పక్షం ఒంటరిగా ఆర్బిట్రేటరును పెట్టలేదు. కానీ తగాదా మొదలయ్యాక ‘ఫలానా వారి నియామకానికి అభ్యంతరం లేదు’ అని ఒక లెటరు పంపి సంతకం అడుగుతారు. అది పెడితే ఉన్న రక్షణ మనమే వదులుకున్నట్టు.

‘30 రోజుల్లో క్లెయిమ్ వేయకపోతే హక్కు పోతుంది’ అన్నదీ కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్ కింద చెల్లదు. సరకు బాకీకి మామూలుగా మూడేళ్ల గడువుంది. అయినా 30 రోజుల్లోనే ఒక మెయిల్ పడేయండి, పోయేదేముంది.

జరిమానా మాత్రం ఎరుపుకూ నీలానికీ మధ్యలో ఉంటుంది. కాగితం మీద ఎంత రాసినా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసిన అంకె దానికి పై హద్దు మాత్రమే. ఇది 74వ సెక్షన్. చెప్పడానికి బాగుంది. కానీ వాళ్లు జరిమానా కోసం కోర్టుకు వెళ్లరు, మన బిల్లులోంచి కోసుకుంటారు. కోర్టుకు వెళ్లాల్సింది మనమే. అందుకే దీనికి ఎర్ర గీతే పెట్టమన్నది.

సంతకం అయిపోయిన తర్వాత

మార్పులు అడగడం ఇప్పటికీ ఆలస్యం కాదు, ముఖ్యంగా రెండో ఆర్డరు ఇవ్వబోయేటప్పుడు. ఫోనులో ఒప్పుకున్నది ఆ రోజే మెయిల్ చేయండి. ‘ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం జరిమానా ఆలస్యమైన సరకు విలువ మీదే లెక్కిస్తారు. వేరే అభిప్రాయముంటే తెలపగలరు.’ వాట్సాప్ అయినా పనికొస్తుంది, కానీ ఆ ఫోను పారేయకండి, ఫార్మాట్ చేయకండి. రెండు అర్థాలొచ్చే షరతు ఉంటే దాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగా చదివే అలవాటు కోర్టులకు ఉంది. మీ అర్థం ఏమిటో తగాదా రాకముందే రాసి ఉంచితే ఆ వాదనకు బలం.

లోడు లోడుకూ ఒక కవరు పెట్టుకోండి: పీఓ, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, ఎల్‌ఆర్, దింపుకున్నట్టు సైటు ముద్ర, ఫొటోలు. సైటు ముద్ర మీద తేదీ లేకపోతే 15 రోజులు, 45 రోజుల లెక్క మొదలయ్యే చోటే పోతుంది. డెబిట్ నోట్ వస్తే ఊరుకోకండి, వారంలోపు ‘మాకు అంగీకారం కాదు, కారణాలివి’ అని జవాబివ్వండి. ఇంకో సంగతి, డబ్బు రాకపోయినా ఇన్వాయిస్ మీద జీఎస్టీ మన రిటర్నులో కట్టాల్సిందే.

46వ రోజు మర్యాదగా ఒక నోటీసు, వడ్డీ లెక్కతో. మార్చిలో అయితే అందులో ఇంకో వాక్యం చేర్చండి. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, తయారీ చేసే చిన్న యూనిట్లకు గడువు దాటి బాకీ ఉన్న మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు, కట్టిన ఏడాదే చూపుకోవాలి. పర్చేజ్ మేనేజరు కదలకపోయినా వాళ్ల ఆడిటరు కదులుతాడు. అయినా రాకపోతే కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఉద్యం నెంబరుతో కౌన్సిల్‌కు దరఖాస్తు వేయాలి. పోర్టల్ దగ్గర తడబాటైతే అనంతపురం, కర్నూలు, కడప ఎక్కడైనా జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగవచ్చు. కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజంలో అంతకంటే పడుతుందనే అనుకోండి. తీర్పు మనవైపు వచ్చాక వాళ్లు దాన్ని సవాలు చేయాలంటే 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. నోటీసు అందగానే చాలామంది రాజీకి రావడానికి అదొక కారణం.

చివరి బిల్లు దగ్గర ఒక కాగితం ఎదురవుతుంది: ‘ఫుల్ అండ్ ఫైనల్, ఇక ఏ క్లెయిమూ లేదు’ అని. రిటెన్షన్ ఇవ్వాలంటే దీని మీద సంతకం కావాలంటారు. పెట్టకుండా ఉండగలిగితే మేలు. డబ్బు అవసరం కొద్దీ పెట్టక తప్పకపోతే, అదే రోజు కాకపోయినా మర్నాడైనా స్పీడ్ పోస్టులో ఈ నాలుగు ముక్కలు పంపండి: ‘ఫలానా తేదీన మీరు కోరిన నో క్లెయిమ్ పత్రంపై, అది ఇవ్వనిదే మా రిటెన్షన్ సొమ్ము విడుదల చేయమన్నందువల్ల సంతకం చేశాం. జరిమానా కింద కోసిన ఇంత మొత్తం, ఆలస్యపు వడ్డీ ఇంత మాకు రావాల్సే ఉంది.’ ఆరు నెలల తర్వాత రాసిన లెటరుకు ఈ బలం ఉండదు. పోస్టు రసీదును ఆ లోడు కవర్లోనే పెట్టండి, సెక్యూరిటీ చెక్కు తిరిగి తెచ్చుకోవడం మరిచిపోకండి.